బెంగళూరులో రెరా ఏజెంటుగా నమోదు కావాలంటే

ప్రశ్న: మాది అనంతపురం. పెళ్ళయినప్పటి నుంచి బెంగళూరులో, మారతహళ్ళి దగ్గర ఉంటున్నాం. బీకాం చదివాను. పాప బడికి వెళ్తోంది కాబట్టి ఏదైనా పని చూసుకోవాలని ఉంది. మా అపార్ట్‌మెంటులోనూ, మావారి ఆఫీసులోనూ తెలుగువాళ్ళు ఎక్కువ. ఎవరు ఫ్లాటు చూడబోయినా నన్ను తోడు రమ్మంటారు. ఈమధ్య దేవనహళ్ళి వైపు లేఔట్ వేస్తున్న ఒక కంపెనీవాళ్ళు, "కస్టమర్లను తీసుకురండి, బుకింగుకు యాభై వేలు ఇస్తాం, లైసెన్సు అక్కర్లేదు, మా ఐడీ కార్డు చాలు" అన్నారు. నా మాట మీద తెలిసినవాళ్ళు 40 లక్షల సైటుకు రెండు లక్షలు అడ్వాన్సు కూడా కట్టారు. బ్రోషర్ మీద "రెరా అప్లైడ్" అని ఉంది. లైసెన్సు లేకుండా ఈ పని వద్దని మావారు గట్టిగా అంటున్నారు. నిజంగా లైసెన్సు కావాలా? ఎలా తీసుకోవాలి, ఎంత ఖర్చవుతుంది? హిందూపురం, హోసూరు సైట్లు కూడా అడుగుతున్నారు. వాటికీ అదే సరిపోతుందా?
ఒక పాఠకురాలు, బెంగళూరు

సమాధానం: మీవారు చెప్పిందే సరైన మాట. కొత్త ప్రాజెక్టులో ఫ్లాటు గానీ సైటు గానీ అమ్మిపెట్టి డబ్బు తీసుకునేవారు ఎవరైనా రెరాలో, అంటే రాష్ట్ర రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో, ఏజెంటుగా నమోదు కావాలి. 2016 రియల్ ఎస్టేట్ చట్టం 9వ సెక్షన్ చెప్పేది ఇదే. ఏజెంటు అంటే ఎవరో కూడా ఆ చట్టంలోనే ఉంది. కొనేవారినీ అమ్మేవారినీ ఏ మాధ్యమం ద్వారానైనా కలిపి, కమీషన్ అనో మరో పేరుతోనో ప్రతిఫలం పుచ్చుకునే బ్రోకర్లు, మధ్యవర్తులు, ప్రాపర్టీ డీలర్లు అందరూ ఏజెంట్లే. బుకింగుకు యాభై వేలు తీసుకుంటే మీరూ ఏజెంటే. కంపెనీ ఇచ్చే ఐడీ కార్డుకు చట్టం ముందు ఏ విలువా లేదు.

లైసెన్సు కంటే ముందు ఆ రెండు లక్షల సంగతి చూడండి. "రెరా అప్లైడ్" అంటే దరఖాస్తు పెట్టారని మాత్రమే అర్థం, అది కూడా వాళ్ళు చెబుతున్న మాట. ప్రాజెక్టుకు నంబరు వచ్చేదాకా ప్రకటన ఇవ్వకూడదు, బుకింగు తీసుకోకూడదు, కొనమని పిలవనూ కూడదు. ఇది 3వ సెక్షన్. స్థలం 500 చదరపు మీటర్లకు మించని, లేదా ఎనిమిది యూనిట్లకు మించని చిన్న ప్రాజెక్టులకే మినహాయింపు. దేవనహళ్ళి వైపు వేసే లేఔట్లు మామూలుగా ఆ లెక్కలోకి వచ్చేంత చిన్నవి కావు. మీరు ఈరోజే కర్ణాటక రెరా వెబ్‌సైట్‌లో ఆ లేఔట్ పేరుతోనూ, కంపెనీ పేరుతోనూ వెతకండి. అక్కడ కనిపించకపోతే, అడ్వాన్సు వెనక్కి ఇమ్మని ఆ కుటుంబం చేత ఈమెయిల్‌లో, రిజిస్టర్డ్ పోస్టులో రాయించండి. ఫోనులో అడిగినది రుజువుగా నిలవదు. డబ్బు ఏ ఖాతాకు వెళ్ళిందో చూపే బ్యాంకు స్టేట్‌మెంటు, రసీదు, బ్రోషర్, వాట్సాప్ సందేశాలు అన్నీ దాచమనండి. కంపెనీ ఇవ్వకపోతే నమోదు కాని ప్రాజెక్టు మీద కూడా రెరాకు ఫిర్యాదు చేయవచ్చు. మీకు రావాల్సిన యాభై వేలు మాత్రం తీసుకోకండి. ఆ డబ్బు మీ ఖాతాలో పడిందంటే ఆ అమ్మకంలో ఏజెంటు మీరేనని మీరే రుజువు ఇచ్చినట్టవుతుంది.

జరిమానా ఎంతో మీ కేసులోనే లెక్క వేసి చూడండి. నమోదు లేకుండా ఏజెంటు పని చేస్తే 9వ సెక్షన్‌ను, నమోదయ్యాక కూడా నంబరు లేని ప్రాజెక్టును అమ్మిపెడితే 10వ సెక్షన్‌ను ఉల్లంఘించినట్టు. ఈ రెండింటికీ 62వ సెక్షన్ కింద రోజుకు 10,000 రూపాయల చొప్పున, ఆ ఆస్తి ధరలో 5 శాతం దాకా వేయవచ్చు. 40 లక్షల సైటుకు 5 శాతం అంటే రెండు లక్షలు, ఇరవై రోజుల్లో అంత పడుతుంది. వచ్చే యాభై వేలకు నాలుగింతలు.

ఇక లైసెన్సు. చట్టం దాన్ని రిజిస్ట్రేషన్ అంటుంది. అయితే దరఖాస్తుకు ముందు మీరు ఏ దారిలో వెళ్ళాలో తేల్చుకోవాలి, ఎందుకంటే అందరికీ సొంత నంబరు అవసరం లేదు. బిల్డరు దగ్గర నెలజీతం మీద సేల్స్ ఎగ్జిక్యూటివ్‌గా చేరితే మీరు ఆ కంపెనీ ఉద్యోగి, ఆ అమ్మకాలకు కంపెనీదే బాధ్యత. రెరాలో నమోదైన ఏజెన్సీలో ఉద్యోగిగా చేరితే ఆ ఏజెన్సీ నంబరు మీద పనిచేస్తారు. సొంతంగా, కమీషన్ మీద చేయాలనుకుంటేనే మీ పేరిట నంబరు కావాలి. పాత ఫ్లాట్ల రీసేల్, అద్దె ఇళ్ళు మాత్రమే చూసిపెట్టేవారికి 9వ సెక్షన్ వర్తించదు, అది నమోదైన ప్రాజెక్టులలో అమ్మకాలకు సంబంధించినది.

మీకు మా సలహా, మొదట ఆరు నెలలు గానీ ఏడాది గానీ ఒక నమోదిత ఏజెన్సీలో పనిచేయండి. జీతం తక్కువైనా పర్వాలేదు. పత్రాలు చూడటం, బిల్డర్లతో కమీషన్ ఒప్పందాలు కుదుర్చుకోవడం, బ్యాంకు లోను పని నడిచే తీరు అక్కడ తెలిసినంతగా ఏ కోర్సులోనూ తెలియవు. చేరే ముందు ఆ ఏజెన్సీ నంబరు వెబ్‌సైట్‌లో ఉందా, గడువు ఉందా చూసుకోండి. "మా నంబరు వాడుకోండి, వచ్చిన కమీషన్లో సగం మాకు ఇవ్వండి" అనేవాళ్ళు కూడా తగులుతారు. ఉద్యోగిగా కాగితం ఇవ్వకుండా నంబరు మాత్రం అరువిచ్చేవాళ్ళ జోలికి పోకండి. రేపు ఏదైనా గొడవ వస్తే మీరెవరో తెలియదంటారు.

సొంత నంబరుకు దరఖాస్తు మొత్తం ఆన్‌లైన్‌లోనే. కర్ణాటక రెరా ఆఫీసు మిషన్ రోడ్డులో, సీఎస్ఐ కాంపౌండులో ఉంది. కానీ దరఖాస్తు కోసం అక్కడికి వెళ్ళనక్కర్లేదు. వెబ్‌సైట్‌లో ఏజెంటుగా ఖాతా తెరిచి ఫారం జీ నింపాలి. సర్టిఫికెట్టు ఫారం హెచ్‌లో వస్తుంది. ఫీజు వ్యక్తికైతే 25,000 రూపాయలు, కంపెనీ, ఎల్ఎల్‌పీ (పరిమిత బాధ్యత భాగస్వామ్యం), భాగస్వామ్య సంస్థ లాంటి వాటికి రెండు లక్షలు. గడువు ఐదేళ్ళు. అంటే వ్యక్తికి ఏడాదికి అయిదు వేలు పడుతుంది.

ఈ ఫీజు తేడా తెలియక చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. భార్యాభర్తలు కలిసి ముందే ఎల్ఎల్‌పీ పెట్టుకుని, బోర్డు రాయించుకుని, తర్వాత దరఖాస్తుకు వస్తారు. అప్పుడు రెండు లక్షలు కట్టక తప్పదు. మీరు ఒక్కరే చేసే పని కాబట్టి వ్యక్తిగా, మీ పాన్ మీదే దరఖాస్తు పెట్టండి. వ్యాపారం పెరిగి నలుగురిని పెట్టుకున్నాక సంస్థ సంగతి ఆలోచించవచ్చు.

కావలసిన కాగితాలు ఎక్కువేమీ కావు. పాన్, ఆధార్, ఫొటో, వ్యాపార చిరునామా రుజువు, గత మూడు ఆర్థిక సంవత్సరాల ఆదాయపు పన్ను రిటర్నులు, మీ మీద పెండింగులో ఉన్న సివిల్, క్రిమినల్ కేసుల వివరాలు. ఏ కేసూ లేకపోతే లేదని రాయాలి, ఖాళీగా వదలకూడదు. మీరు ఇన్నాళ్ళూ ఇంట్లోనే ఉన్నారు కనుక రిటర్నులు వేసి ఉండకపోవచ్చు. అందుకు భయపడకండి. పన్ను పరిధిలోకి రానందువల్ల రిటర్ను వేయలేదని డిక్లరేషన్ ఇస్తే సరిపోతుంది. మీవారి రిటర్నులు పెట్టకండి, దరఖాస్తుదారు పాన్‌తో అవి కలవవు.

దరఖాస్తు ఆగేది ఎక్కువగా రెండు చోట్ల. ఒకటి, పేరు. మనవాళ్ళకు ఇంటిపేరుతో వచ్చే తంటా ఇది. పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో పొడి అక్షరం ఉంటుంది, బ్యాంకు పాసుపుస్తకంలో పెళ్ళయ్యాక మార్చుకున్న పేరు ఉంటుంది. మూడూ ఒకేలా లేకపోతే దరఖాస్తుకు ముందే సరిచేయించుకోండి. ముందు పాన్, ఆధార్ కలపండి, తర్వాత బ్యాంకు. రేపు బిల్డరు కమీషన్ వేసేది ఆ ఖాతాలోనే. రెండోది, చిరునామా. మీరు అద్దె ఇంట్లో ఉంటే అగ్రిమెంటు మీవారి పేరిట ఉంటుంది. వ్యాపార చిరునామాగా ఆ ఇంటినే చూపించాలంటే, ఇంటివారి నుంచి అభ్యంతరం లేదని ఒక ఉత్తరం, కరెంటు బిల్లు, అద్దె అగ్రిమెంటు జతచేయాలి. అగ్రిమెంటు పదకొండు నెలలది అయి, గడువు దాటిపోయి ఉంటే ముందు కొత్తది రాయించండి. గడువు దాటిన అగ్రిమెంటు పెట్టి, ప్రశ్న వచ్చాక పరిగెత్తేవాళ్ళు చాలామంది.

స్కాన్లు అడ్డంగా, మసకగా ఉండకూడదు. దరఖాస్తు పంపాక ఈమెయిల్ వస్తుందిలే అని కూర్చోకుండా రెండు మూడు రోజులకోసారి లాగిన్ అయి చూడండి. అధికారులు అడిగే వివరణలు అక్కడ కనిపిస్తాయి, జవాబు ఆలస్యమైతే దరఖాస్తు అక్కడే ఉండిపోతుంది. అన్నీ సరిగ్గా ఉంటే ముప్పై రోజుల్లో నిర్ణయం రావాలి. తిరస్కరించాలంటే ముందు మీ వాదన వినాలి. ఈ పనికి పదిహేను, ఇరవై వేలు అదనంగా అడిగే కన్సల్టెంట్లు ఉంటారు. బీకాం చదివినవారికి ఈ ఫారం ఒక పూట పని. ఆ డబ్బు ఇవ్వకండి.

చదువు అర్హత, పరీక్ష లాంటివి కేంద్ర చట్టంలో గానీ 2017 కర్ణాటక నియమాల్లో గానీ పెట్టలేదు. మహారాష్ట్రలో మాత్రం ఏజెంట్లకు శిక్షణ, పరీక్ష తప్పనిసరి చేశారు. ఇలాంటివి నోటీసుల ద్వారా మారుతుంటాయి, అందుకే దరఖాస్తు పెట్టే రోజున వెబ్‌సైట్‌లోని సర్క్యులర్ల పేజీ ఒకసారి చదవండి.

నంబరు వచ్చాక దాన్ని జాగ్రత్తగా చూడండి. కర్ణాటకలో ఏజెంటు నంబరు మధ్యలో "ఏజీ" అనీ, ప్రాజెక్టు నంబరు మధ్యలో "పీఆర్" అనీ ఉంటుంది. బ్రోషర్ మీద పెద్ద అక్షరాల్లో ఉన్న రెరా నంబరులో "పీఆర్" బదులు "ఏజీ" ఉంటే, అది అమ్మేవాడి నంబరే తప్ప ప్రాజెక్టుది కాదు. కొనేవాళ్ళలో చాలామందికి ఈ తేడా తెలియదు, కొందరు ఏజెంట్లు దాన్ని ఆసరాగా తీసుకుంటారు. మీరు ఇచ్చే ప్రతి ప్రకటనలో, వాట్సాప్ పోస్టుతో సహా, రెండు నంబర్లూ పెట్టండి. మీ నంబరు ఆఫీసు గోడ మీద కనిపించేలా ఉండాలి, మీరు చేయించే ప్రతి అమ్మకం కాగితాల్లో రాయాలి. ప్రతి లావాదేవీ లెక్క, కాగితాల నకళ్ళు దాచాలి. బుకింగు సమయంలో కొనేవారికి హక్కుగా రావలసిన పత్రాలన్నీ అందేలా చూడటం కూడా ఏజెంటు బాధ్యతే అని చట్టం చెబుతుంది. "అది బిల్డరు చూసుకుంటాడు" అంటే కుదరదు. లేని సౌకర్యం ఉందని నోటితో చెప్పినా తప్పే. మెట్రో వస్తుంది, రెండేళ్ళలో రెట్టింపవుతుంది లాంటి మాటలు ఆధారం లేకుండా అనకండి.

ఇప్పుడు అసలైన పని, ప్రాజెక్టును చూసే పద్ధతి. ఎవరినైనా సైటు చూపించడానికి తీసుకెళ్ళే ముందు రెరా వెబ్‌సైట్‌లో ఆ ప్రాజెక్టు పేజీ తెరిచి కూర్చోండి. మొదట నంబరు, పూర్తిచేస్తామని రాసిన తేదీ. సేల్స్ ఆఫీసులో చెప్పే తేదీ వేరుగా ఉంటుంది, కొనేవారికి రెరా తేదీయే చెప్పండి. తర్వాత ప్రమోటరు, అంటే ప్రాజెక్టు కట్టి అమ్మే సంస్థ పేరు. హోర్డింగు మీద ఉన్న బ్రాండు పేరు ఒకటి, నమోదైన సంస్థ పేరు ఇంకొకటి ఉండటం మామూలే. అగ్రిమెంటు ఎవరితో జరుగుతుందో అదే ముఖ్యం. ఆపైన ప్రాజెక్టు బ్యాంకు ఖాతా. కొనేవారు కట్టే సొమ్ములో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉంచి, ఆ ప్రాజెక్టు స్థలానికీ కట్టుబడికీ మాత్రమే వాడాలి. చెక్కు ఆ పేజీలో ఉన్న ఖాతాకే రాయించండి. ఆ తర్వాత మంజూరైన ప్లాను, మూడు నెలలకోసారి పెట్టే పురోగతి నివేదికలు, ఫిర్యాదుల జాబితా. నివేదికలు ఆగిపోయిన ప్రాజెక్టు కనిపిస్తే పక్కన పెట్టేయండి.

చట్టం ప్రకారం కార్పెట్ ఏరియా మీదే లెక్క. గోడల లోపల వాడుకునే నేల, లోపలి అడ్డుగోడలతో సహా, అదే కార్పెట్ ఏరియా. బాల్కనీ, బయటి గోడలు అందులోకి రావు. సేల్స్‌వాళ్ళు చెప్పేది సూపర్ బిల్టప్, అంటే గోడలు, మెట్లు, లిఫ్టు లాంటి ఉమ్మడి స్థలంలో వాటా కూడా కలిపిన లెక్క. 1,500 అడుగుల ఫ్లాటు అని చూపిస్తే కార్పెట్ ఎంతో అడిగి, అది 1,050 అని తేలితే ఆ అంకెనే మీ కస్టమరుకు చెప్పండి. ఊళ్ళో గజాల్లో, సెంట్లలో లెక్కవేసే మనవాళ్ళకు ఇక్కడి అడుగులు, గుంటలు తికమకపెడతాయి. 30-40 సైటు అంటే 1,200 అడుగులు, సుమారు 133 గజాలు. గుంట అంటే 1,089 అడుగులు, సరిగ్గా రెండున్నర సెంట్లు. ఇది మీరు నోటికి చెప్పగలిగితే కొనేవారికి సగం గందరగోళం తీరుతుంది.

మొత్తం ఖర్చు కూడా మొదటిరోజే చెప్పాలి. కట్టుబడిలో ఉన్న ఫ్లాటు ధర 80 లక్షలనుకోండి. జీఎస్టీ 5 శాతం, నాలుగు లక్షలు. నగరంలో స్టాంపు డ్యూటీ 5 శాతం, దాని మీద సెస్సు, సర్‌ఛార్జీ కలిపి 5.6. రిజిస్ట్రేషన్ ఫీజు 2025 ఆగస్టు 31 నుంచి 2 శాతం అయింది. మొత్తం 7.6 శాతం, అంటే 6,08,000. ఇంకా మెయింటెనెన్సు డిపాజిట్టు వగైరా కలవకముందే 90 లక్షలు దాటింది. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్టు (భవనంలో నివాసం ఉండవచ్చన్న అనుమతి) వచ్చాక అమ్మే ఫ్లాటుకైతే జీఎస్టీ లేదు, సైటుకూ లేదు. ధర 50 లక్షలు గానీ అంతకు మించి గానీ ఉంటే కొనేవారే 1 శాతం టీడీఎస్ మినహాయించి ప్రభుత్వానికి కట్టాలి. ఇది మరచిపోయి తర్వాత వడ్డీతో కట్టేవాళ్ళు ఎక్కువ, ముందే గుర్తుచేయండి.

పత్రాల విషయంలో వకీలు పని మీరు చేయకండి, కానీ వకీలు దగ్గరకు ఏ కాగితాలు వెళ్ళాలో తెలిసి ఉండాలి. మూల పత్రం నుంచి ఇప్పటిదాకా వచ్చిన దస్తావేజుల వరుస, కర్ణాటక రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ కావేరిలో తీసిన ముప్పై ఏళ్ళ ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్టు), పొలం నుంచి మార్చిన భూమైతే డిప్యూటీ కమిషనర్ (డీసీ) ఇచ్చిన కన్వర్షన్ ఉత్తర్వు, లేఔట్ మంజూరు, ఈ-ఖాతా. దేవనహళ్ళి వైపు లేఔట్లకు మంజూరు ఇచ్చేది విమానాశ్రయ ప్రాంత ప్రణాళికా సంస్థ బియాపా. పంచాయతీ ఆమోదం ఉందంటే సరిపోదు. ఖాతా అంటే పన్ను లెక్క రికార్డు, యాజమాన్య పత్రం కాదు. బి-ఖాతా (పూర్తి అనుమతులు లేని ఆస్తుల రికార్డు) సైటుకు బ్యాంకు లోను దొరకడం కష్టమని కొనేవారికి అడ్వాన్సుకు ముందే చెప్పాలి. 2024 అక్టోబరు నుంచి ఈ-ఖాతా లేనిదే రిజిస్ట్రేషన్ కావడం లేదు. ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి. నోటి ఒప్పందాలు, రిజిస్టరు కాని అగ్రిమెంట్లు అందులో తేలవు. ఇంకో ముఖ్యమైన చోటు, ఎస్సీ ఎస్టీలకు ప్రభుత్వం ఇచ్చిన భూములు. 1978 నాటి కర్ణాటక చట్టం ప్రకారం ప్రభుత్వ అనుమతి లేకుండా వాటిని అమ్మితే ఆ అమ్మకం చెల్లదు. నగరం చుట్టూ లేఔట్లలో ఇలాంటి సర్వే నంబర్లు ఉండవచ్చు, మూల పత్రంలో గ్రాంటు అన్న మాట కనిపిస్తే వెంటనే వకీలుకు చూపించండి. ఈ కాగితాలన్నీ కన్నడంలో ఉంటాయి. తెలుగు చదవగలిగినవారికి కన్నడ లిపి త్వరగానే పట్టుబడుతుంది, దానికి కొన్ని వారాలు కేటాయించండి. ఈ వృత్తిలో మీకు అంతకంటే ఎక్కువ పనికొచ్చే చదువు లేదు.

డబ్బు విషయానికొస్తే, బిల్డరుతో పనిచేసే ఏజెంటును ఇక్కడ ఛానల్ పార్ట్‌నర్ అంటారు. మొదటి కస్టమరును తీసుకెళ్ళక ముందే రాతపూర్వక ఒప్పందం తీసుకోండి. శాతం ఎంత, అది ఏ ధర మీద, ఎప్పుడు ఇస్తారు, బుకింగు రద్దయితే తిరిగి ఇవ్వాలా, ఈ నాలుగూ అందులో ఉండాలి. శాతం లెక్క జీఎస్టీ, రిజిస్ట్రేషన్ ఖర్చులు తీసేసిన ధర మీద ఉంటుంది. కొనేవారు కొంత శాతం కట్టి, అగ్రిమెంటు రిజిస్టరయ్యాకే బిల్లు పెట్టనిస్తారు. ఆ తర్వాత ఒకటి నుంచి మూడు నెలలు ఆగాలి. కాబట్టి తొలి ఆరు నెలలు చేతికి ఏమీ రాదనుకునే ఇంటి ఖర్చు చూసుకోండి.

గొడవలు ఎక్కువగా వచ్చేది కస్టమరు ఎవరిదన్న దగ్గర. మీరు తీసుకెళ్ళిన మనిషి అంతకు ముందే కంపెనీకి ఫోను చేసి ఉంటే, లేదా వేరే ఏజెంటు అతని నంబరు నమోదు చేసి ఉంటే, కమీషన్ మీకు రాదు. అందుకే సైటుకు వెళ్ళే ముందే కస్టమరు పేరు, ఫోను నంబరు కంపెనీ యాప్‌లో గానీ ఈమెయిల్‌లో గానీ పంపి, "ఇది మీ లీడే" (మీరు తెచ్చిన కస్టమరే) అని జవాబు వచ్చాకే బయల్దేరండి. ఆ నమోదుకు ముప్పై, అరవై రోజులని గడువు ఉంటుంది. గడువు దాటబోతుంటే మళ్ళీ పంపండి.

80 లక్షల ఫ్లాటుకు 2 శాతం కుదిరితే కమీషన్ 1,60,000. బిల్డరు టీడీఎస్ 2 శాతం, 3,200 పట్టుకుని 1,56,800 వేస్తారు. ఈ టీడీఎస్ 2024 అక్టోబరుకు ముందు 5 శాతం ఉండేది. పట్టుకున్నది రిటర్ను వేస్తే లెక్కకు వస్తుంది. మీ ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు తప్పదు, అప్పుడు కమీషన్ మీద 18 శాతం వేసి బిల్లు ఇవ్వాలి. అదే 20 లక్షల రాబడికి చేరిన ఏజెంట్లు మనీ లాండరింగు చట్టం కింద కస్టమర్ల గుర్తింపు వివరాలు తీసుకుని దాచాలని 2020 డిసెంబరులో కేంద్రం నోటిఫై చేసింది. కమీషన్లో కొంత కొనేవారికి తిరిగి ఇవ్వమని తెలిసినవాళ్ళే అడుగుతారు. మొదటిసారే వద్దని చెప్పండి. ఒకరికి ఇస్తే ఆ అపార్ట్‌మెంటులో అందరికీ ఇవ్వాల్సిందే.

ఎవరి డబ్బూ మీ ఖాతాలో వేయించుకోకండి, ఒక్కరోజుకు కూడా. ఆస్తి లావాదేవీలో 20,000 గానీ అంతకు మించి గానీ నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు, తీసుకున్నవారికి అంతే మొత్తం జరిమానా పడుతుంది. బిల్డరు కూడా అగ్రిమెంటు రిజిస్టరు చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. 40 లక్షల సైటుకు ఆ హద్దు నాలుగు లక్షలు. మీవాళ్ళు కట్టిన రెండు లక్షలు ఆ హద్దు లోపే ఉన్నాయి, కానీ నంబరే లేని లేఔట్‌కు ఒక్క రూపాయి అయినా తీసుకోకూడదు. "రిఫండబుల్ ఈఓఐ" (కొనే ఆసక్తి తెలిపే డిపాజిట్టు, అడిగితే తిరిగి ఇస్తామంటారు) అని పేరు మార్చి తీసుకునేదీ అలాంటిదే. ప్రీ-లాంచ్ (అధికారికంగా అమ్మకాలు మొదలుకాకముందు) ధర, ఈ వారమే ఆఖరు అని తొందరపెట్టే కంపెనీలకు పని చేయకండి. కమీషన్ అక్కడే ఎక్కువ ఇస్తారు, ఎందుకంటే నంబరు ఉన్న ప్రాజెక్టులకు ఏజెంట్లు అంత ఖర్చు లేకుండానే దొరుకుతారు.

చివరగా హిందూపురం, హోసూరు. ఏజెంటు రిజిస్ట్రేషన్ ఒక రాష్ట్రం మొత్తానికి ఒకటే, కానీ ఆ రాష్ట్రం దాటితే పనికిరాదు. స్థలం ఎక్కడుందో అక్కడి రెరా చూడాలి, కొనేవారు ఎక్కడున్నారన్నది కాదు. హిందూపురం సైటును మారతహళ్ళిలో కూర్చుని అమ్మిపెట్టినా ఆంధ్రప్రదేశ్ రెరా నంబరు కావాలి, అక్కడ వ్యక్తికి ఫీజు 10,000. హోసూరు తమిళనాడులోది, అక్కడ వ్యక్తికి 25,000. మూడు చోట్లా ఒకేసారి కట్టి 60,000 పెట్టుబడి పెట్టకండి. మొదట కర్ణాటక ఒక్కటే తీసుకుని, హిందూపురం అడిగేవాళ్ళు నిజంగా అయిదారుగురు ఉన్నారని తేలాక ఆంధ్రది తీసుకోండి. అప్పటిదాకా ఆ సైట్లు అడిగినవారికి రెరా వెబ్‌సైట్‌లో నంబరు ఎలా వెతకాలో చూపించి పంపండి, దానికి ఏ లైసెన్సూ అక్కర్లేదు. ప్రతిఫలం మాత్రం ఏ రూపంలోనూ తీసుకోకండి. ఐదేళ్ళ తర్వాత రెన్యువల్‌కు ఫారం జే. గడువు తీరేదాకా ఆగకుండా నాలుగైదు నెలల ముందే వేయండి, మధ్యలో ఖాళీ వచ్చిన రోజుల్లో చేసిన అమ్మకం నమోదు లేకుండా చేసినట్టే లెక్క.